ఒమకాసే సుషి: చేప, అన్నం, సమయం

టోక్యోలోని గింజా లాంటి పేటల్లో పేరున్న సుషి రెస్టారెంట్లకు మెనూ కార్డు ఉండదు. ఎనిమిదిమందో పదిమందో కూర్చోగలిగే పొడవాటి హినోకి చెక్క బల్ల ఉంటుంది. దానికి అటువైపు షెఫ్ నిలబడతాడు, ఇటువైపు అతిథులు కూర్చుంటారు. ఏం తినాలో, ఏ వరుసలో తినాలో నిర్ణయించేది షెఫ్. ఎంపిక మొత్తం వండేవారికి వదిలేసే ఈ పద్ధతినే ఒమకాసే అంటారు. ఒక్కో మనిషికి ముప్పై వేల యెన్‌లు దాటే ఈ విందులో ప్రధానంగా వడ్డించేది, పైకి చూస్తే, చిన్న అన్నం ముద్ద మీద ఒక చేప ముక్క.

అంత సాదాగా కనిపించే ముద్ద వెనక జీవరసాయన శాస్త్రం చాలా ఉంది. నీళ్లలోంచి పైకి తీసిన క్షణం నుంచి చేప కండరం మారుతూనే ఉంటుంది. ఆ మార్పు ఒక్కో జాతిలో ఒక్కో వేగంతో సాగుతుంది. వండిన అన్నం కూడా గంట గంటకూ మారుతుంది. వాటిలో ఈ రాత్రికి ఏది సరైన దశలో ఉందో, దాన్ని కొని, కోసి, దాచిన మనిషికే తెలుస్తుంది. ఎంపిక షెఫ్ చేతిలో ఉండటానికి గట్టి కారణం ఇదే.

పులియబెట్టిన చేప నుంచి నిగిరి దాకా

సుషి పుట్టింది చేపను నిల్వ చేసే ఉపాయంగా. ఉప్పు పట్టించిన చేపను వండిన అన్నంలో పొరలు పొరలుగా కూరి, పైన బరువు పెట్టి, నెలల తరబడి కదపకుండా ఉంచేవారు. అన్నంలో పెరిగే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. ఆ పులుపులో చేపను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నిలవలేవు. తినేటప్పుడు మెత్తబడిపోయిన అన్నాన్ని తీసేసి చేపను మాత్రమే తినేవారు. షిగా ప్రాంతంలో బివా సరస్సు చేపలతో ఇప్పటికీ చేసే ఫునాజుషి ఈ పాత పద్ధతికి నిలిచి ఉన్న సాక్ష్యం. కాలక్రమంలో పులియబెట్టే గడువు తగ్గింది, అన్నాన్ని కూడా తినడం మొదలైంది. చివరికి పులియబెట్టే పనే మానేసి, అన్నంలో నేరుగా వెనిగర్ కలపసాగారు.

నేటి టోక్యోకి పూర్వనామం ఎడో. 1820లలో ఆ నగరంలో హనాయా యోహేయి (1799–1858) అనే వ్యాపారి, వెనిగర్ కలిపిన అన్నాన్ని చేత్తో చిన్న ముద్దగా ఒత్తి దాని మీద చేప ముక్క పెట్టే నిగిరి సుషికి ప్రాచుర్యం తెచ్చాడని చెబుతారు. అదే కాలంలో ఐచి ప్రాంతంలోని హండాలో నకానో మతాజయెమోన్, సాకే మద్యం తీయగా మిగిలిన పిప్పితో ఎర్రటి వెనిగర్ తయారు చేసి ఓడల్లో ఎడోకు పంపేవాడు. చవకగా దొరికే ఆ వెనిగర్ నిగిరికి బాగా కలిసొచ్చింది. అప్పట్లో నిగిరి వీధి బళ్ల మీద నిలబడి తినే చిరుతిండి; ముద్ద కూడా ఇప్పటికన్నా పెద్దది. 1923లో వచ్చిన కాంటో భూకంపం టోక్యోను నేలమట్టం చేశాక, అక్కడి సుషి పనివారు సొంతూళ్లకు వెళ్లి దుకాణాలు పెట్టుకోవడంతో ఈ పద్ధతి దేశమంతా పాకింది.

ఎడోలో ఫ్రిజ్‌లు లేవు. చేప చెడకుండా ఉండటానికి ఉప్పు పట్టించడం, వెనిగర్‌లో ముంచడం, సోయా సాస్‌లో నానబెట్టడం, ఉడికించడం తప్పనిసరి. ఎడోమాయే అని పిలిచే ఈ పనులు నేటి ఒమకాసే బల్ల మీద కూడా కనిపిస్తాయి. అప్పుడు నిల్వ కోసం చేసినవి, ఇప్పుడు రుచి కోసం చేస్తున్నారు.

అన్నం

సుషి అన్నాన్ని షారి అంటారు. మంచి షెఫ్‌లు చేపకన్నా ముందు దీని గురించే మాట్లాడతారు. బియ్యంలోని పిండిపదార్థంలో రెండు రకాల అణువులుంటాయి: పొడవాటి గొలుసు లాంటి అమైలోజ్, కొమ్మలు విరబోసిన అమైలోపెక్టిన్. అమైలోజ్ ఎక్కువైతే అన్నం పలుకుగా, విడివిడిగా ఉంటుంది. తక్కువైతే మెతుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. జపాన్‌లో వాడే పొట్టి గింజ బియ్యంలో అమైలోజ్ తక్కువ. వాటిలోనూ కొషిహికారి ఎక్కువ జిగురుగా ఉంటుంది, ససనిషికి కాస్త విడిగా ఉంటుంది. నోట్లో పెట్టగానే విడిపోయే ముద్ద కావాలనుకునే షెఫ్‌లు ససనిషికి వైపు మొగ్గుతారు.

తర్వాత వెనిగర్ కలుస్తుంది కాబట్టి ఈ అన్నాన్ని తక్కువ నీళ్లతో కాస్త బిరుసుగా వండుతారు. వేడి తగ్గకముందే వెడల్పాటి చెక్క తొట్టిలోకి తీసి, వెనిగర్, ఉప్పు, ఇష్టాన్ని బట్టి చక్కెర కలిపిన ద్రవం పోసి, గరిటెతో కోసినట్టుగా కలుపుతారు. మెతుకు వేడిగా ఉన్నప్పుడే ద్రవం లోపలికి ఇంకుతుంది. అదనపు తేమను చెక్క పీల్చుకుంటుంది. విసరడం వల్ల పై తడి ఆరి మెతుకుకు నిగారింపు వస్తుంది.

వెనిగర్ పని రుచితో అయిపోదు. గది వేడిలో గంటల తరబడి ఉంచిన మామూలు అన్నంలో బాసిల్లస్ సిరియస్ అనే బాక్టీరియా పెరిగి వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. వెనిగర్ వల్ల అన్నం పీహెచ్ 4 ప్రాంతానికి దిగితే ఆ బాక్టీరియా పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. షారిని ఫ్రిజ్‌లో పెట్టకుండా గడపగలగడానికి ఈ ఆమ్లమే కారణం. ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థపు అణువులు మళ్లీ దగ్గరగా పేర్చుకుని, నీటిని వదిలేసి, మెతుకును గట్టిపరుస్తాయి. షారిని ఒంటి వేడికి దగ్గరగా ఉంచి వడ్డిస్తారు. చల్లటి అన్నంలో వెనిగర్ వాసన పైకి రాదు, చేప కొవ్వు కరగదు. చాలా చోట్ల అతిథులందరినీ ఒకే సమయానికి రమ్మని, భోజనం ఒకేసారి మొదలుపెట్టడానికి కూడా కారణం అన్నమే. ఆ గంటకు సరిపోయేలా దాన్ని పొయ్యి మీద పెడతారు.

చేప చనిపోయాక

జీవించి ఉన్న కండరానికి శక్తినిచ్చే అణువు ఏటీపీ. చేప చనిపోయాక కూడా కొంతసేపు ఏటీపీ ఉంటుంది. అది అయిపోగానే కండరపు పోగులు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. చచ్చిన చేప కట్టెలా గట్టిపడటం ఇందువల్లే. వలలోనో పడవ మీదో గిలగిలా కొట్టుకుని చనిపోయిన చేపలో ఏటీపీ ముందే ఖర్చయిపోతుంది, కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అలాంటి చేప త్వరగా బిగుసుకుని త్వరగా పాడవుతుంది.

దీనికి జపాన్ జాలర్లు కనిపెట్టిన పద్ధతి ఇకెజిమె. బతికున్న చేప మెదడులోకి మొనదేలిన ఇనుప పుల్లను గుచ్చి ఒక్క క్షణంలో చంపుతారు. వెంటనే మొప్పల దగ్గర, తోక దగ్గర కోసి రక్తం కారనిస్తారు. ఆ తర్వాత వెన్నుపాము ఉన్న గొట్టంలోకి సన్నని తీగను దూర్చి లాగుతారు. వెన్నుపాము నాశనం కావడంతో కండరాలకు వెళ్లే సంకేతాలు ఆగిపోతాయి, ఏటీపీ వృథా కాదు. బిగుసుకోవడం చాలా గంటలు వాయిదా పడుతుంది. రక్తం పోవడం వల్ల నీచు వాసన తగ్గుతుంది. చేపకు బాధ కూడా తక్కువే.

రుచి పెరిగే గంటలు, రోజులు

ఏటీపీ విచ్ఛిన్నం మెట్లు మెట్లుగా జరుగుతుంది: ఏటీపీ నుంచి ఏడీపీ, దాని నుంచి ఏఎంపీ, దాని నుంచి ఐఎంపీ. ఈ ఐఎంపీకి మరో పేరు ఇనోసినేట్. చేప రుచికి మూలం ఇదే. ఆ తర్వాతి మెట్లు ఇనోసిన్, హైపోజాంథిన్. హైపోజాంథిన్ చేదుగా ఉంటుంది. ఇనోసినేట్ పేరుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి అప్పుడే చంపిన చేప ఎంత తాజాదైనా చప్పగానే ఉంటుంది. ఈ వరుసలోని చివరి రెండు పదార్థాల వాటాను లెక్కగట్టి చేప తాజాదనాన్ని చెప్పే కే విలువను జపాన్ శాస్త్రవేత్తలు 1959లో ప్రతిపాదించారు. అది 20 శాతం లోపు ఉంటే చేపను పచ్చిగా తినడానికి అనువైనదిగా భావిస్తారు.

ఈ మెట్ల వేగం అన్ని చేపల్లో ఒకటి కాదు. కాడ్ చేపలో ఇనోసినేట్ త్వరగా విరిగిపోతుంది. ట్యూనా, తాయి చేపల్లో చాలా రోజులు నిలుస్తుంది. స్క్విడ్, ఆక్టోపస్‌లలో అది దాదాపు పేరుకోదు. గ్లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలే వాటికి తీపినిస్తాయి. ఈ తేడాలు తెలిసిన షెఫ్ ఒక చేపను తెచ్చిన రోజే వాడతాడు, ఇంకోదాన్ని బట్ట చుట్టి, మంచు మీద రోజుల తరబడి ఉంచి, తేమ దిగిన బట్టను మారుస్తూ పదును చూస్తాడు. ఆ రోజుల్లో కండరంలోని ఎంజైమ్‌లు మాంసకృత్తులను విడగొడతాయి. మాంసం మెత్తబడుతుంది, అమైనో ఆమ్లాలు విడుదలవుతాయి. ఒక హద్దు దాటితే కొవ్వు మక్కు వాసన పడుతుంది. ఆ హద్దుకు ఇవతలే చేపను బల్ల మీదికి తేవాలి.

ఈ రుచికి ఉమామి అని పేరు పెట్టింది కికునాయే ఇకెదా. టోక్యో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఈ రసాయన శాస్త్రవేత్త 1908లో కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్‌ను వేరు చేశాడు. ఎండబెట్టిన బొనితో చేపలో ఇనోసినేట్ రుచిని 1913లో షింతారో కొదామా గుర్తించాడు. ఈ రెండూ కలిస్తే వాటి ఉమామి విడివిడి రుచుల మొత్తంకన్నా ఎన్నో రెట్లు పెరుగుతుంది. నాలుక మీది గ్రాహకంలో గ్లూటమేట్ అతుక్కున్న చోటికి పక్కనే ఇనోసినేట్ చేరి దాన్ని జారిపోకుండా పట్టి ఉంచుతుంది, సంకేతం బలపడుతుంది.

ఈ శాస్త్రం తెలియని రోజుల్లోనే వంటవారు దీన్ని వాడుకున్నారు. తెల్లటి కండ ఉన్న చేప ముక్కలను రెండు కొంబు ఆకుల మధ్య పెట్టి గంటల తరబడి ఉంచే పద్ధతి కొబుజిమె. నాచు చేపలోని నీటిని పీల్చుకుంటుంది, తనలోని గ్లూటమేట్‌ను చేపకిస్తుంది. చేపలో ఇనోసినేట్ ముందే ఉంది. ముక్కకు గ్లూటమేట్ ఉన్న సోయా సాస్ పూయడంలోనూ ఇదే ఫలితం.

ఉప్పు, పులుపు, నిప్పు

ఎడోమాయే పనితనానికి గీటురాయి కొహాదా. వెండిలా మెరిసే ఈ చిన్న చేపకు ముళ్లెక్కువ, నీచు ఎక్కువ, ధర తక్కువ. పెరిగేకొద్దీ దాని పేరు మారుతుంది: మరీ చిన్నదైతే షింకో, కాస్త ఎదిగితే కొహాదా, పెద్దదైతే కొనోషిరో. చీల్చిన చేపను తెరిచి ఉప్పు చల్లితే ద్రవాభిసరణ వల్ల నీరు బయటికి వస్తుంది, దానితో పాటు నీచు వాసన కలిగించే పదార్థాలు కూడా పోతాయి. కడిగి వెనిగర్‌లో ముంచితే పైపొర మాంసకృత్తులు ఆమ్లంతో గడ్డకట్టి తెల్లబడతాయి. చేప పరిమాణం, కొవ్వు, ఆనాటి వాతావరణం చూసి ఉప్పులో ఎంతసేపు, వెనిగర్‌లో ఎంతసేపు అన్నది మారుస్తారు. ఒక షెఫ్ చేయి ఎలాంటిదో తెలుసుకోవాలంటే అతని కొహాదా తినాలని సుషి ప్రియులు అంటారు.

ఆక్టోపస్ కండరంలో కొల్లాజెన్ ఎక్కువ, అందుకే రబ్బరులా సాగుతుంది. గింజాలోని సుకియాబాషి జిరోలో ఉడికించే ముందు దాన్ని ముప్పావు గంట దాకా చేత్తో పిసుకుతారు. 1925లో పుట్టిన జిరో ఒనో నడిపిన ఈ పది సీట్ల దుకాణం 2007లో మిషలిన్ మూడు నక్షత్రాలు పొందింది. కురుమా రొయ్యను ఉడికించగానే ఎర్రబడటానికి ఆస్టాజాంథిన్ అనే రంగు కారణం. పచ్చి రొయ్యలో అది ఒక మాంసకృత్తుకు అతుక్కుని నీలి ఛాయలో ఉంటుంది. వేడికి ఆ బంధం తెగి అసలు రంగు బయటపడుతుంది. పాములా పొడవుగా ఉండే అనాగోను మాత్రం సాధారణంగా పచ్చిగా పెట్టరు; దాని రక్తంలో విషపూరితమైన మాంసకృత్తులుంటాయి. ఉడికించి, ఉడికిన రసాన్నే చిక్కగా మరిగించి పైన పూస్తారు.

ట్యూనా

ఒమకాసే బల్లకు తలమానికం బ్లూఫిన్ ట్యూనా. ఇది మామూలు చేపల్లా నీటి చల్లదనానికి లొంగి ఉండదు. కండరాలకు వెళ్లే రక్తనాళాలు, తిరిగి వచ్చే రక్తనాళాలు వలలా అల్లుకుని ఉండటం వల్ల కండరంలో పుట్టిన వేడి మొప్పల దగ్గర నీటిలో కలవకముందే మళ్లీ లోపలికి మళ్లుతుంది. వెచ్చటి కండరంతో అది మహావేగంగా ఈదగలదు. ఆ వెచ్చదనమే జాలరికి సమస్య. గాలానికి చిక్కి చాలాసేపు పెనుగులాడిన ట్యూనాలో వేడి, లాక్టిక్ ఆమ్లం రెండూ పెరిగి మాంసం ఉడికినట్టు పాలిపోతుంది. పట్టగానే రక్తం కార్చి, మంచులో పెట్టి లోపలి వేడిని తీసేయాలి.

ఎడో కాలంలో ట్యూనా తక్కువ స్థాయి చేప. ఎర్రటి కండను సోయా సాస్‌లో నానబెట్టి వాడేవారు. త్వరగా చెడిపోయే కొవ్వు భాగానికి విలువే లేదు. చల్లగా నిల్వ చేసే సౌకర్యం వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. ఇప్పుడు ఎర్ర కండను అకామి, మధ్యస్థంగా కొవ్వున్నదాన్ని చూతోరో, పొట్ట దగ్గరి కొవ్వు ముక్కను ఓతోరో అంటారు. చేప కొవ్వులోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు తక్కువ వేడికే కరుగుతాయి కాబట్టి ఓతోరో నోటి వేడికే జారిపోతుంది. అకామికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్ గాలి తగిలి ఆక్సీకరణ చెందితే గోధుమ రంగుకు తిరుగుతుంది. మామూలు ఫ్రీజర్ చల్లదనం దాన్ని ఆపలేదు. దూర సముద్రాల్లో పట్టిన ట్యూనాను మైనస్ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిల్వ చేసేది ఇందుకే.

1935 నుంచి టోక్యో చేపల వ్యాపారానికి గుండెకాయగా ఉన్న త్సుకిజి మార్కెట్ 2018 అక్టోబరులో టొయోసుకు మారింది. 2019 జనవరిలో అక్కడ జరిగిన తొలి కొత్త సంవత్సరపు వేలంలో 278 కిలోల బ్లూఫిన్ ట్యూనా 33.36 కోట్ల యెన్‌లకు అమ్ముడైంది. ఇలాంటి గిరాకీ వల్ల పసిఫిక్ బ్లూఫిన్ సంఖ్య ప్రమాదకరంగా పడిపోయింది. అంతర్జాతీయ కోటాలు పెట్టాక అది అనుకున్న గడువుకన్నా ముందే కోలుకుందని 2024 శాస్త్రీయ అంచనా తేల్చింది.

పచ్చి చేపతో జాగ్రత్తలు

సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నని తెల్లటి పురుగు ఉండవచ్చు. తిమింగలాలు, డాల్ఫిన్ల కడుపులో పెరిగే ఈ పురుగు లార్వాలు రొయ్య లాంటి చిన్న జీవుల ద్వారా చేపల్లోకి, స్క్విడ్‌లోకి చేరతాయి. మనిషి కడుపులోకి వెళ్తే కొన్ని గంటల్లో తీవ్రమైన నొప్పి వస్తుంది. వెనిగర్, ఉప్పు, వసాబి వీటిని చంపలేవు. మైనస్ 20 డిగ్రీల దగ్గర కనీసం 24 గంటలు గడ్డకట్టించడమో, బాగా ఉడికించడమో చేయాలని జపాన్ ఆరోగ్య శాఖ సూచిస్తుంది. చేప చనిపోయాక ఇవి పేగుల నుంచి కండలోకి పాకుతాయి కాబట్టి పొట్టలోని పేగులను వెంటనే తీసేయడం, ముక్కను వెలుగులో పరిశీలించడం వంటింట్లో ముఖ్యమైన పనులు.

ట్యూనా, సబా లాంటి చేపలకు మరో ప్రమాదం ఉంది. చల్లదనం తప్పితే బాక్టీరియా వాటిలోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చి అలర్జీ లాంటి లక్షణాలు కలిగిస్తుంది. ఒకసారి తయారైన హిస్టమిన్ వండినా పోదు. పడవ నుంచి బల్ల దాకా మంచు తప్పకూడదు.

వసాబి, నోరి

వసాబి మొక్క పారే చల్లటి నీటిలో పెరుగుతుంది. దాని కాండాన్ని సొరచేప చర్మం అతికించిన పలక మీద గుండ్రంగా తిప్పుతూ నూరతారు. కణాలు చితికినప్పుడు సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ కలిసి అలైల్ ఐసోథయోసయనేట్ పుడుతుంది. ఆవపిండిలో ముక్కుకెక్కే ఘాటు కూడా ఇదే అణువు. ఇది త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి వసాబిని వడ్డించే ముందే, కొంచెం కొంచెంగా నూరుతారు. కొవ్వు ఈ ఘాటును మింగేస్తుంది. ఓతోరో కింద వసాబి ఎక్కువ పెట్టడానికి కారణం అదే. ట్యూబుల్లో అమ్మే చవక వసాబి చాలావరకు హార్స్‌రాడిష్.

నోరి అనే ఎర్ర నాచును కాగితంలా ఆరబెడతారు. నిప్పు మీద కాస్త వేపితే ఎర్రటి వర్ణకం విరిగిపోయి, వేడికి తట్టుకునే పత్రహరితం మిగిలి, ఆకు ఆకుపచ్చగా మారుతుంది. నోరి జీవితచక్రం చాలాకాలం అంతుచిక్కలేదు. గుల్లల మీద గులాబి రంగులో పెరిగే మరో నాచు నోరికి తొలి దశేనని బ్రిటన్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ బేకర్ 1949లో నిరూపించింది. దాంతో విత్తనం చేతికొచ్చినట్టయి సాగు స్థిరపడింది. ఆమె జపాన్‌లో ఎన్నడూ అడుగుపెట్టలేదు. అయినా అరియాకే సముద్ర తీరపు ఊతో పట్టణంలో నోరి రైతులు ఆమెకు స్మారకం కట్టారు. నోరిలోని ఒక చక్కెర గొలుసును జీర్ణం చేసే జన్యువు జపనీయుల పేగుల్లోని బాక్టీరియాలో ఉందని, అది సముద్రపు బాక్టీరియా నుంచి వచ్చిందని 2010లో తేలింది.

బల్ల ముందు

వడ్డన సాధారణంగా తేలిక రుచులతో మొదలవుతుంది. ముందు హిరామే, తాయి లాంటి తెల్ల చేపలు, తర్వాత కొహాదా లాంటి పుల్లటివి, ట్యూనా, రొయ్య, సీ అర్చిన్, చివర తీపి పూత ఉన్న అనాగో. ముందే కొవ్వు ముక్క తింటే తెల్ల చేప రుచి నాలుకకు అందదు. ఈ వరుస షెఫ్‌ను బట్టి మారుతుంది. మధ్యలో వెనిగర్‌లో ఊరిన అల్లం, వేడి గ్రీన్ టీ నోటిలోని కొవ్వును కడిగేస్తాయి.

ముద్ద చేయడం కొన్ని సెకన్ల పని. షెఫ్ వెనిగర్ నీళ్లతో చేతులు తడుపుకుంటాడు, మెతుకులు అంటకుండా. ఎడమ చేతి వేళ్ల మీద చేప ముక్క, కుడి చేతిలో అన్నం. చూపుడు వేలితో వసాబి రాసి, అన్నం పెట్టి, బొటనవేలితో నడుమ చిన్న గుంట నొక్కుతాడు. ముద్దను తిప్పి పక్కల నుంచి, పై నుంచి మృదువుగా ఒత్తుతాడు. లోపల గాలి మిగలాలి. వేళ్లతో ఎత్తితే విడిపోకూడదు, నాలుక మీద విడిపోవాలి. చేపను కోసేది ఒకవైపే పదునున్న పొడవాటి యనగిబ కత్తితో. రంపంలా ఆడించకుండా ఒక్క లాగులో కోయడం వల్ల కణాలు నలగవు, కోసిన తలం నునుపుగా మెరుస్తుంది.

మరిగించి చల్లార్చిన సోయా సాస్‌ను షెఫ్ ముందే పూస్తాడు కాబట్టి అతిథి మళ్లీ ముంచనక్కర్లేదు. చేత్తో తిన్నా, చాప్‌స్టిక్స్‌తో తిన్నా తప్పు లేదు. ముక్కను ఎదురుగా పెట్టగానే తినాలన్నది అసలు మర్యాద. నిమిషాలు గడిస్తే అన్నం చల్లారుతుంది, చేప వెచ్చబడుతుంది, నోరి తేమ పీల్చి సాగుతుంది. అత్తరు పూసుకుని రావద్దనడానికి కూడా శాస్త్రీయ కారణముంది. నమిలేటప్పుడు వాసన గొంతు వెనక నుంచి ముక్కుకు చేరుతుంది. రుచిగా అనిపించేదాంట్లో ఎక్కువ భాగం అదే. ఘాటైన అత్తరు ఒక్కరిది కాదు, వరుసలో ఉన్న అందరి భోజనాన్నీ చెడగొడుతుంది.

భోజనం గుడ్డుతో ముగుస్తుంది. రొయ్య ముద్ద కలిపిన గుడ్ల మిశ్రమాన్ని సన్నని సెగ మీద కేకులా కాల్చిన తమాగో, తర్వాత మిసో సూప్. ఆ తర్వాత షెఫ్, ఇంకేమైనా కావాలా అని అడుగుతాడు. అంతదాకా అతను చూపిన వరుసను తిన్న అతిథి, నచ్చిన ముక్కను మళ్లీ అడగవచ్చు, వడ్డించని చేప ఏదైనా ఉంటే తెప్పించుకోవచ్చు. పూర్తిగా తన ఇష్టం మీద అతిథి ఎంచుకునేది ఆ విందులో అప్పుడే.